దిగకుండా వెళ్ళిన సైకిలు

ఊళ్ళకి మార్కులు వేసే ఉద్యోగం ఒకటుండేదంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వండి, తప్పులేదు. ఆ రోజుల్లో మా ఇంట్లోవాళ్ళు కూడా నవ్వారు. డిగ్రీ చదివి, పరీక్ష రాసి, సర్కారు కొలువు సంపాదించి, చివరికి నేను చేసే పని రోడ్డు పక్కన నిలబడి ఎవరు నడుస్తున్నారు, ఎవరు సైకిలు తొక్కుతున్నారు, ఎవరు బస్సు కోసం మెడ సాచి చూస్తున్నారు అని రాసుకోవడమేనని తెలిసిన రోజున మా నాన్నగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తరవాత మెల్లగా, "దానికి జీతం కూడా ఇస్తారా?" అని అడిగారు.

ఇచ్చారు. రిటైరయ్యేదాకా ఇచ్చారు. ఇప్పుడు మీ చేతుల్లో ఫోన్లున్నాయి. ఏ ఊరు నడకకి అనువు, ఏ ఊళ్ళో సైకిలు మీద తిరగచ్చు, ఏ ఊళ్ళో బస్సు నమ్ముకోవచ్చు అన్నీ అవే చెప్పేస్తున్నాయట. సంతోషం. మేం ఆ పని కాళ్ళతోనూ కళ్ళతోనూ చేశాం. చేసి, ఒకసారి బ్రహ్మాండంగా బోల్తా పడ్డాం. ఉద్యోగంలో నాకు బాగా గుర్తుండిపోయింది ఆ బోల్తా ఒక్కటే కాబట్టి అదే చెబుతాను.

ఎనభైల మొదట్లో మాట. కోనసీమలో అమలాపురం, రాజోలు, కొత్తపేట ఈ మూడింటినీ పోల్చి, ఏ ఊరి జనం ఎలా తిరుగుతున్నారో, దేనికి ఏం కావాలో చెప్పమని పైనించి ఉత్తరువు వచ్చింది. మేం ముగ్గురం. పై అధికారి ఒకాయన. మద్రాసు, పూనా, బొంబాయి అన్నీ తిరిగి ఈ విద్య నేర్చుకొచ్చినవాడు. మాట కటువు, మనసు మెత్తన. "ఊరు చిన్నదైతే ఏమయ్యా? ఇంట్లోంచి బయల్దేరినవాడు పనికి చేరడానికి పడే అవస్థ ఎక్కడైనా ఒకటే" అనేవాడు. రెండోవాడు పటాలు గీసే డ్రాఫ్ట్స్‌మన్. గీత ఎంత సన్నగా గీసేవాడో తిండి అంత దండిగా తినేవాడు. మూడోవాణ్ణి నేను. జొన్నాడ వంతెన దాటితే ఆలమూరు, అదే మా ఊరు. ఆ ప్రాంతం మనిషినే కాబట్టి అక్కడి సంగతులన్నీ నాకు తెలుసునని మా అధికారికి గట్టి నమ్మకం. నాకు ఇంకా గట్టి నమ్మకం.

మొదట రాజోలు. నడక పరీక్ష అని ఒకటుండేది మాకు. బజారునించి ఆసుపత్రిదాకా మామూలు మనిషి నడిచినట్టు నడవాలి. ఎక్కడ గొయ్యి ఉంది, ఎక్కడ నీడ ఉంది, ఎక్కడ లారీకి భయపడి పక్కకి దూకాల్సి వచ్చింది, ఇవన్నీ చూసుకోవాలి. రాజోలులో ఆ పరీక్ష నేను ఒక్కసారి కూడా పూర్తి చేయలేకపోయాను. నాలుగడుగులు వేస్తే ఎవరో ఒకరు సైకిలు ఆపేవారు.

"ఏవండీ, ఎండలో నడిచెళ్తున్నారేటండీ? ఎక్కండి, దింపేస్తాను."

"వద్దండీ, నేను నడవాలండీ."

"ఏం, డాక్టరు గారు నడవమన్నారాండీ?"

"కాదండీ. ఉద్యోగం."

ఆయన నా మొహంలోకి జాలిగా చూసి, సైకిలు దిగి, అది తోసుకుంటూ నాతోపాటు ఆసుపత్రిదాకా నడిచాడు. నాకు ఒంట్లో బాగాలేదేమోనని ఆయన అనుమానం. నీడ సంగతి, గోతుల సంగతి మరిచిపోయి ఆయన కొబ్బరికాయల ధర గురించి చెబుతుంటే వింటూ నడిచాను.

అమలాపురం వేరే రకం. గడియార స్తంభం చుట్టూ అన్నీ కూతవేటు దూరంలోనే ఉంటాయి గాని, రిక్షాలు, బళ్ళు, దుకాణాల ముందు పరిచిన సరుకు, వీటి మధ్య మనిషి ఒదిగి పక్కవాటుగా నడవాలి. బస్సులకి మాత్రం ఆ ఊరికి తిరుగులేదు. రేవుదాకా పోయే బస్సు, దాన్ని అందుకుని గోదావరి దాటించే పంటు, పంటు దిగితే అవతల ఒడ్డున మళ్ళీ ఇంకో బస్సు. మా అధికారి ముచ్చటపడి, బస్సులకి అమలాపురం, సైకిళ్ళకి రాజోలు అని అప్పుడే తీర్పు చెప్పేశాడు. నడకకి ఇంకా ఏ ఊరూ తేలలేదు. కొత్తపేట మిగిలింది.

కొత్తపేట శివార్లలో ఒక కాలువ. దాని మీద పాత చెక్క వంతెన. బల్లలు పుచ్చిపోయి, మనిషి నడిస్తే ఒక రకంగా, సైకిలు వెళితే ఇంకో రకంగా మూలిగేది. దాన్ని తీసేసి కొత్తది కట్టాలని అనుకున్నారు. ఎలాంటిది కట్టాలో మా లెక్కని బట్టి ఉంటుంది. కింద పడవలు పోవాలి కాబట్టి వంతెన ఎత్తుగా లేపక తప్పదు. నడిచేవాళ్ళే ఎక్కువైతే రెండు పక్కలా మెట్లు కడితే సరిపోతుంది. సైకిళ్ళు ఎక్కువైతే మెట్లు పనికిరావు, పొడుగ్గా వాలు కట్టాలి. దానికి ఖర్చూ ఎక్కువే, స్థలమూ ఎక్కువే.

వంతెన దగ్గర కూర్చుని లెక్క రాయడానికి ఊళ్ళోనే ఒక మనిషిని చూసుకోవాలి. అందరూ ఒకే పేరు చెప్పారు. హైస్కూల్లో ఏళ్ళ తరబడి తెలుగు చెప్పి రిటైరైన మాస్టారు. వేదం చదువుకున్న ఇంటివారు. మల్లెపువ్వులాంటి పంచె, భుజం మీద కండువా, ఎండ ఉన్నా లేకపోయినా చేతిలో గొడుగు. నేను వెళ్ళి అడిగితే చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు.

"ఇంట్లో కూర్చుంటే తోచట్లేదు బాబూ. పని చెప్పేరు, పుణ్యం కట్టుకున్నారు."

టీ బడ్డీ పందిరి కింద, వంతెన ఎక్కే చోట ఆయనకి కుర్చీ వేయించాను. మా నిబంధనల కాగితం ఆయన పద్యం కంఠతా పట్టినట్టు పట్టేశారు. ఒక్కచోట మాత్రం ఆగి, "సైకిలు తోసుకుంటూ నడిచేవాణ్ణి కూడా నడిచేవాడి కిందే రాయమన్నారు కదా బాబూ?" అని అడిగారు.

"అంతేనండి మాస్టారూ. నేల మీద కాళ్ళుంటే నడకేనండి."

"ఆయ్" అన్నారాయన.

పది రోజులు పోయాక లెక్క చూస్తే మా అధికారి ఎగిరి గంతేశాడు. కొత్తపేటలో జనమంతా నడుస్తున్నారు! సైకిళ్ళు చేతివేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. "ఇదయ్యా నడిచే ఊరంటే! పూనాలో కూడా చూడలేదు" అని నడకకి మొదటి స్థానం కొత్తపేటకి ఇచ్చేశాడు. మెట్ల వంతెన ఖాయమైంది. డ్రాఫ్ట్స్‌మన్ మెట్టు మెట్టుకీ నీడలు దిద్ది మరీ బొమ్మ గీశాడు. శనివారం మా అధికారి వచ్చి చోటు చూసుకుని, ఆ బొమ్మ పైకి పంపేస్తాడు. అందాకా మాస్టారి లెక్క సాగుతూనే ఉంటుంది.

గురువారం పొద్దున మేం దిగిన బంగళా ప్రహరీ పక్కన ఒకావిడ సైకిలు ఆపి, సీటు మీంచి దిగకుండానే గోడ పట్టుకుని నిలదొక్కుకుంది. నేత చీర, హ్యాండిలుకి పుస్తకాల సంచి. మెడలో సన్నటి గొలుసుకి చిన్న శిలువ. ఎడమ కాలు పోలియో వల్ల సన్నబడిపోయి ఉంది. ఆ పాదాన్ని పెడలుకి తోలుపట్టీతో కట్టుకుని, కుడికాలితోనే తొక్కుకొచ్చింది. కాలువ అవతల చిన్న బడిలో పంతులమ్మనని చెప్పింది.

"మెట్ల వంతెన కడుతున్నారటండీ?"

"అవునండి. లెక్కలో అలా తేలింది."

"లెక్కలో నేనున్నానాండీ?"

ఆవిడ కోపంగా లేదు. కోపంగా ఉంటే నాకు సులువయ్యేది.

"మెట్లొస్తే నాకు ఉద్యోగం లేదండి. దూరంగా ఉన్న కాలువ లాకుల మీదుగా చుట్టు తిరిగొస్తే బడి వేళకి అందుకోలేను. ఈ పది రోజులూ అలాగే వెళ్తున్నాను, రోజూ ఆలస్యమే. హెడ్మాస్టరు గారు ఇంక ఊరుకోనన్నారు."

"ఈ పది రోజులూ చుట్టు తిరగడమెందుకండీ? పాత వంతెన ఉంది కదా."

ఆవిడ నా వైపు, ఇంత తెలియనివాణ్ణి ఉద్యోగంలో ఎలా పెట్టుకున్నారా అన్నట్టు చూసింది.

"వంతెన దగ్గర మాస్టారు కూర్చున్నారు కదండీ. నాకు చదువు చెప్పినాయన. ఆయన ముందునించి సైకిలు మీద ఎలా వెళ్తానండీ? అందరూ దిగి నడుస్తున్నారు. నేను దిగాలంటే పట్టీ విప్పుకోవాలి, పట్టుకోడానికి గోడుండాలి, మళ్ళీ ఎక్కడానికి ఇంకో గోడుండాలి. దిగకుండా వెళ్తే నలుగురూ ఏవంటారో మీకు తెలీదాండీ?"

సంచి సర్దుకుంటూ ఇంకో మాట అంది. "మా నాన్నగారు వంతెనకి పోయే ఆ అగ్రహారం వీధిలో సైకిలు దిగి నడిచేవారండి. అది గౌరవం కాదు. భయం. నేను మాస్టార్ని గౌరవిస్తాను. రెండూ ఒకలాగే కనిపిస్తాయి కదండీ, అదీ నా బాధ."

మాస్టారితో నేను మాట్లాడతానని ఆవిడకి చెప్పి, నేరుగా వంతెన దగ్గరికి పోయి పందిరి వెనక నిలబడి చూశాను. వీధి మలుపు తిరిగిన ప్రతి సైకిలూ మాస్టారిని చూడగానే ఆగుతోంది. మనిషి దిగుతున్నాడు, నమస్కారం పెడుతున్నాడు, సైకిలు తోసుకుంటూ వంతెన దాటుతున్నాడు. అవతల గట్టు మీద మళ్ళీ ఎక్కి చక్కా పోతున్నాడు. మాస్టారు తల పంకించి, నడిచేవాళ్ళ గడిలో నిష్ఠగా గీత గీస్తున్నారు. ఆ ఊళ్ళో ఆయన దగ్గర చదువుకోనివాడు లేడు. రోజూ పొద్దున అద్దె సైకిలు మీద వచ్చి, ఆ మలుపులోనే నేనూ దిగి నడుస్తున్నాను. ఆలమూరులో పెరిగినవాణ్ణి, మాస్టారి ముందు సైకిలు దిగడం నాకు ఊపిరి తీసుకోవడంతో సమానం. అందుకే అందులో చూడవలసింది ఏదో ఉందని నాకు తట్టనే లేదు.

ఇప్పుడు ఆయనకి చెప్పాలి. చెప్పడానికే దగ్గరికి వెళ్ళాను.

"మాస్టారూ, ఒక సంగతండి."

"చెప్పండి బాబూ. చూసేరా మన ఊరు! ఎంత చక్కగా నడుస్తారో జనం. మొన్న మీ ఆఫీసరు గారు మనదే ఫస్టని చెప్పేరట. నాకెంత ఆనందంగా ఉందో." ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. "రిటైరయ్యేక ఎవరూ గుర్తుపెట్టుకోరేమోననుకున్నాను. ఒక్కడూ పలకరించకుండా పోవట్లేదు బాబూ."

ఆ మనిషికి, వాళ్ళ మర్యాద వల్లే లెక్క మొత్తం పాడైందండీ, మీరు లేచి వెళ్ళిపోండి అని ఎలా చెప్పను? టీ తాగి, వర్షం గురించి మాట్లాడి వచ్చేశాను. మర్నాడు మళ్ళీ వెళ్ళి, ఈసారి ఆయనకి మోకాళ్ళ నొప్పుల నూనె గురించి సలహా ఇచ్చి వచ్చాను. మా డ్రాఫ్ట్స్‌మన్‌ని వెళ్ళమంటే, వాడు పెసరట్టు మీంచి తలెత్తకుండా, "నా వల్ల కాదు గురూ, ఆయన్ని చూస్తే నాకు మా నాన్న గుర్తొస్తాడు" అన్నాడు.

శుక్రవారం సాయంత్రం బడి వదిలాక పంతులమ్మ గారు బంగళా గోడ దగ్గర ఆగింది. నా మొహం చూసే సంగతి గ్రహించింది.

"చెప్పలేకపోయేరు కదండీ?"

"లేదండి."

ఆవిడ తల వంచుకుని పట్టీ సరిచేసుకుంది. "సరేనండి. రేపు బడి వేళకి నేనే వస్తాను" అంది.

శనివారం పొద్దున మా అధికారి చుట్టిన బొమ్మ చంకలో పెట్టుకుని వంతెన దగ్గరికి వచ్చాడు. బడికి, బజారుకి వెళ్ళేవాళ్ళతో వీధి నిండుగా ఉంది. సైకిళ్ళు యథాప్రకారం మలుపులో ఆగుతున్నాయి, జనం దిగి నడుస్తున్నారు. మా అధికారి మురిసిపోతూ చూస్తున్నాడు. అప్పుడు ఆవిడ మలుపు తిరిగింది.

ఆగలేదు. దిగలేదు. హ్యాండిల్ వణుకుతోంది. కుడికాలు ఒక్కటే బలమంతా పెట్టి తొక్కుతోంది. నడుస్తున్నవాళ్ళు తమ సైకిళ్ళతో సహా పక్కకి తప్పుకుని చూస్తూ నిలబడిపోయారు. మాస్టారి ఎదురుగా వచ్చేసరికి ఆవిడ వేగం తగ్గించింది. ఒక చెయ్యి ఎత్తడానికి లేదు కాబట్టి తలే వంచింది.

"నమస్కారమండి మాస్టారూ. దిగలేనండి."

జనంలోంచి ఎవరో, "ఎంత ధైర్యం చూడు" అన్నారు. మాస్టారు అటు తిరక్కుండానే చెయ్యి అడ్డంగా ఊపి ఆ నోరు మూయించారు. తరవాత కుర్చీ చేతులు పట్టుకుని లేచారు. మోకాళ్ళ నొప్పుల మనిషి, లేవడానికి కాస్త సమయం పట్టింది. కండువా సర్దుకుని, పెద్దవాళ్ళు ఎదురొస్తే ఎలా నిలబడతామో అలా నిలబడ్డారు. ఆవిడ వంతెన బల్లల మీదుగా అవతల గట్టు చేరేదాకా అలాగే ఉన్నారు.

కూర్చున్నాక ఆయన నన్ను పిలిచారు. "బాబూ, ఈ అమ్మాయిని సైకిలు గడిలో రాయాలి కదా?"

"అవునండి మాస్టారూ."

ఆయన గీత గీశారు. ఆలోపున ఇంకొకతను వచ్చి, అలవాటుగా సైకిలు దిగి నమస్కారం పెట్టాడు. మాస్టారు పెన్ను ఎత్తినవారు ఆగిపోయారు.

"ఏరా, ఎందుకు దిగేవు?"

"మీరున్నారు కదండీ."

"నేను లేకపోతే?"

"తొక్కుకుపోతానండి. రోజూ తొక్కేదే కదండీ."

మాస్టారు వీధి వైపు చూశారు. సైకిళ్ళు పట్టుకుని నిలబడ్డ ఆ జనాన్నంతా ఒక్కొక్కరినీ చూశారు. పెన్నుకి మూత పెట్టేశారు. "అయితే ఈ ఊరు నడవట్లేదు బాబూ. నా కోసం దిగుతోంది" అన్నారు. ఆ మాటలో సంతోషం ఉందో దుఃఖం ఉందో నేను ఇప్పటికీ చెప్పలేను. మరుక్షణం పాత మాస్టారైపోయి గొంతెత్తారు. "ఎక్కండ్రా! అందరూ ఎక్కండి! నా ముందునించే తొక్కుకుంటూ వెళ్ళండి!" తరగతిలో కసిరినట్టు కసురుతుంటే, గడ్డాలు నెరిసినవాళ్ళు కూడా గబగబా సైకిళ్ళెక్కారు. ఒకరిద్దరు కంగారులో ఎక్కలేక పడ్డారు కూడా.

మా అధికారి చంకలోని బొమ్మ తీసి డ్రాఫ్ట్స్‌మన్ చేతిలో పెట్టాడు. "మెట్లు చెరిపెయ్" అన్నాడు, అంతే. నన్ను తిట్టలేదు. దారిలో మాత్రం, "ఇంత విద్య నేర్చుకొచ్చి, సైకిలు చేత్తో పట్టుకుని ఇంతమంది ఎందుకు నడుస్తున్నారని నేనే అడగలేదు చూడు" అని చాలాసేపు తనలో తాను నవ్వుకున్నాడు.

లెక్క మళ్ళీ మొదలుపెట్టాం. కుర్చీ తీసేస్తే మాస్టారు చిన్నబుచ్చుకుంటారని, ఆయన్ని పందిరి వెనక తాటాకు తడిక చాటున కూర్చోబెట్టాం. తడిక మీంచి గొడుగు కొస కనిపించి మొదటి రోజు సగం మంది మళ్ళీ దిగారు. రెండో రోజు గొడుగు ఇంట్లో పెట్టి వచ్చారు. అప్పుడు గాని కొత్తపేట తన అసలు రంగు చూపించలేదు. రాజోలుని మించిపోయేలా సైకిళ్ళు. నడకలో మొదటి స్థానం ఎవరికీ ఇవ్వకుండా ఖాళీగా వదిలేశాం.

ఆవిడ దిగకుండా వెళ్ళిన ఆ శనివారం సాయంత్రం ఆవిడ బడినించి తిరిగి వచ్చేదాకా మాస్టారు అక్కడే కూర్చున్నారు. ఆవిడ పందిరి రాట పట్టుకుని ఆగింది. నేను కాస్త ఎడంగా ఉన్నాను గాని మాటలు వినపడ్డాయి.

"మీ నాన్న కూడా ఇక్కడ దిగి నడిచేవాడమ్మా. మా అరుగు మీంచి రోజూ చూసేవాణ్ణి. ఎక్కి వెళ్ళవయ్యా అని ఒక్కనాడూ అనలేదు."

ఆవిడ ఓదార్పు మాట ఏదో చెబుతుందనుకున్నాను. చెప్పలేదు.

"ఇవాళ ఆయనుంటే బాగుండేదండి" అంది.

"బాగుండేదమ్మా" అన్నారు మాస్టారు.

మీలో ఎవరైనా ఇలాంటి ఉద్యోగంలోకి వస్తే ఒక మాట గుర్తుపెట్టుకోండి. దారిలో కనిపించేవాళ్ళని లెక్కపెట్టడం పెద్ద పనేమీ కాదు. ఆ దారిన రావడం మానేసినవాళ్ళు ఎవరో, ఎందుకు మానేశారో అడగండి. ఫోన్లు అడుగుతాయో లేదో నాకు తెలియదు. నేను కూడా అడగలేదు. ఆవిడే వచ్చి చెప్పింది.

వంతెన కట్టడానికి మామూలుగా పట్టే ఆలస్యం పట్టింది. పూర్తయ్యాక వాలు సరిగా వచ్చిందో లేదో చూసి రమ్మని నన్ను పంపారు. పొద్దున్నే వెళ్ళాను. రెండు పక్కలా పొడుగాటి వాలు, పక్కన పట్టుకోడానికి ఇనప కమ్మీలు. నేను పైన నిలబడి ఉండగా మాస్టారు కిందనించి ఎక్కుతూ కనిపించారు. అప్పటికి బాగా వంగిపోయారు. గొడుగు ఊతంగా అడుగులో అడుగు వేస్తూ, తెలియకుండానే దారి మధ్యలోకి జరుగుతున్నారు. ఆయన వెనకాల పంతులమ్మ గారి సైకిలు వచ్చింది. ఆయన్ని దాటడానికి చోటు చాలదు. ఆవిడ సీటు మీంచి దిగకుండానే కమ్మీ పట్టుకుని ఆగింది. ఆయన రెండడుగులు వేస్తే తనూ చేత్తో కమ్మీ పట్టుకు లాక్కుంటూ అంత దూరం జరుగుతోంది. పిలవలేదు. బడి వేళవుతోంది, అయినా పిలవలేదు.

సగం వాలు ఎక్కాక మాస్టారికి వెనక చక్రం చప్పుడు వినిపించినట్టుంది. తిరిగి చూశారు. ఆవిణ్ణి చూసి నవ్వి, కమ్మీకి ఆనుకుని వీలైనంత పక్కకి ఒదిగారు.

"బెల్లు కొట్టమ్మా. నేను తప్పుకుంటాను కదా."

"పరవాలేదండి మాస్టారూ, మీరు వెళ్ళండి."

"కొట్టు" అన్నారాయన. "కొట్టుకుంటూ వెళ్ళు."

ఆవిడ కమ్మీ వదిలి పెడలు మీద కుడికాలు బిగించింది. తరవాత బెల్లు కొట్టి, మాస్టారి పక్కనించి పైకి తొక్కుకుంటూ వెళ్ళిపోయింది.